ముందుగా చివరివాడి మాట



వెయ్యేళ్ల కిందట జపాన్ రాజధాని హెయాన్ నగరం. దాన్నే ఇప్పుడు క్యోటో అంటున్నాం. అక్కడి చక్రవర్తికి ఏదైనా చిక్కు ఎదురైతే పెద్దల సభ కూడేది. అది సింహాసనం ముందు జరిగే కొలువు కాదు. ప్రధాన మందిరానికి చేరువలో అంగరక్షక దళం వారి మకాం ఉండేది. సభాసదులు అక్కడ తమ తమ హోదా ప్రకారం చాపల మీద కూర్చునేవారు. చక్రవర్తి ఆ చోటికి రాడు. ఆయన ఆంతరంగిక కార్యదర్శి ప్రశ్నను మోసుకొచ్చేవాడు. దానితోపాటు సంబంధిత పత్రాలు, గతంలో ఇలాంటి సందర్భాల్లో ఏం చేశారో తెలిపే పాత తీర్మానాలు కూడా సభ ముందుకు వచ్చేవి. పత్రాలు అందరూ చూశాక మాట్లాడటం మొదలయ్యేది. మొదట నోరు విప్పేది ఆ సభలో అందరికంటే చిన్న హోదా ఉన్నవాడు.

ఆ తర్వాత అతని పైవాడు, ఆపైన అతని పైవాడు. ఇలా ఒక్కో మెట్టే ఎక్కుతూ చివరికి సభకు పెద్దయిన మంత్రి దగ్గరికి వచ్చేది. ఎవరేమన్నారో సభలోని ఒక సభ్యుడే రాసేవాడు. అభిప్రాయాలు వేరువేరుగా ఉంటే వేరువేరుగానే, ఎవరి మాట వారి పేరుతో రాయాలి. ఆ కాగితం చక్రవర్తికి చేరేది. దీన్ని జిన్ నో సదమె అనేవారు, అంటే అంగరక్షకుల మకాంలో జరిగే ఆలోచన సభ అని.

జపాన్ ఆస్థానం గురించి మాట్లాడుకునేటప్పుడు పట్టు వస్త్రాలు, పూల పండగలు, ప్రేమ కవిత్వం చెప్పుకుంటాం. నన్ను మాత్రం అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ వరస. పెద్దాయన ముందే తన మనసులో మాట బయటపెడితే, కింది వాడు దానికి ఎదురు చెప్పగలడా? ఆ సంగతి బాగా తెలిసిన వాళ్లే ఈ పద్ధతిని పెట్టి ఉంటారని నా నమ్మకం. సలహాదారు పదవి ఇవ్వడం ఏ రాజుకైనా సులువే. ఆ సలహాదారు భయం లేకుండా నోరు తెరిచే వీలు కల్పించడం కష్టం. ఆ కష్టమైన పనికి ఈ ఆస్థానం ఒక దారి వెతికింది. ఆ దారి ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఆ సభలో ఎవరెవరు ఉండేవారో చూద్దాం. 701లో తైహో శాసనం వచ్చింది. చైనా నమూనా చూసి, తమకు కావలసినట్టు మార్చుకుని జపాన్ వారు రాసుకున్న పాలనా స్మృతి అది. దాని ప్రకారం పాలన అంతటికీ పైన దైజోకన్ అనే మహామండలి ఉంటుంది. దాని కింద ఎనిమిది శాఖలు. మండలికి శిఖరం దైజోదైజిన్, అంటే మహామంత్రి. చక్రవర్తికే ఆదర్శంగా నిలవదగినవాడు దొరికితేనే ఆ పదవి ఇవ్వాలి, దొరకకపోతే ఖాళీగా ఉంచాలి అన్నది శాసనం. నిజంగానే చాలా కాలం ఖాళీగా ఉంచారు కూడా. అందువల్ల రోజువారీ పెత్తనం ఎడమ మంత్రిది, ఆయన తర్వాత కుడి మంత్రిది. చక్రవర్తి దక్షిణ ముఖంగా కూర్చుంటాడు గనక ఆయనకు ఎడమ అంటే తూర్పు, సూర్యుడు పొడిచే వైపు. అందుకని అక్కడ ఎడమదే పైచేయి.

మంత్రుల తర్వాత వచ్చే దైనగాన్‌లే అసలైన సలహాదారులు. రాజ్యకార్యాల మీద ఆలోచన చెప్పడం, కింది మాట చక్రవర్తికి విన్నవించడం, చక్రవర్తి మాట కిందికి వినిపించడం వారి పని. శాసనంలో నలుగురన్నారు. 705లో వారిని ఇద్దరికి తగ్గించి, కొత్తగా చూనగాన్ అనే మధ్యస్థ సలహాదారులు ముగ్గురిని చేర్చారు. వారి కింద సంగి, అంటే ఆలోచనలో పాలుపంచుకునేవారు. 702లోనే కొందరికి ఈ బాధ్యత ఇచ్చినా, పదవిగా స్థిరపడింది 731లో. తర్వాత వీరికి ఎనిమిది స్థానాలు అన్నది వాడుక అయింది. మూడో శ్రేణి, ఆపై హోదా ఉన్నవారినీ, ఈ సంగిలనూ కలిపి కుగ్యో అనేవారు. పదకొండో శతాబ్దం మొదట్లో వీరంతా కలిసి పాతిక మందికి అటూ ఇటూగా ఉండేవారు. ఒక దేశం తలరాత ఆ పాతిక మంది చేతుల్లో ఉండేది. వారిలో ఎక్కువ మంది ఒకే వంశం వారు, ఫుజివారా వంశస్థులు.

ఇక సభ నడిచే తీరు దగ్గరగా చూడాలంటే 1019 నాటి ఒక రోజుకు వెళ్లాలి.

ఆ ఏడాది వసంతంలో యాభై దాకా ఓడల్లో సముద్రపు దొంగలు వచ్చిపడ్డారు. తోయి అని పిలిచిన ఈ దండు ఈశాన్య ఆసియా వైపు నుంచి వచ్చింది. ముందు త్సుషిమా, ఇకి దీవుల మీద పడ్డారు. ఇకి దీవి పాలకుణ్ణి చంపేశారు. అక్కణ్ణించి క్యూషూ తీరానికి వచ్చారు. వందలాది మందిని నరికేశారు, వెయ్యి మందికి పైగా మనుషుల్ని ఓడల్లోకి ఎక్కించి తీసుకుపోయారు. క్యూషూలో ప్రభుత్వ కేంద్రం దజైఫు. అక్కడ అధికారిగా ఉన్నవాడు ఫుజివారా నో తకాయియే. ఒకప్పుడు రాజధానిలో పెద్ద కుటుంబపు బిడ్డ, మహారాణి తేయిషికి తోబుట్టువు. సెయ్ షోనగాన్ రాసిన తలగడ పుస్తకంలో విసనకర్ర పట్టుకుని కబుర్లు చెప్పే చూనగాన్ ఈయనే. కళ్ల జబ్బు పట్టుకుంటే, క్యూషూలో చైనా వైద్యుడున్నాడని విని 1014లో దజైఫు పదవి కోరి తీసుకున్నాడు. వైద్యం కోసం వెళ్లిన మనిషి స్థానిక యోధులను కూడగట్టి దొంగలను తరిమికొట్టాడు. తర్వాత, బాగా పోరాడిన వారి పేర్లు రాసి, వీరికి బహుమానం ఇవ్వండని రాజధానికి పంపాడు.

ఈ జాబితా సభ ముందుకు వచ్చింది. బహుమానం ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. మామూలు మనిషికి ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. దొంగలను తరమండి, పోరాడిన వారికి బహుమానం ఇస్తాం అని రాజధాని నుంచి ఆజ్ఞ వెలువడే సరికే యుద్ధం ముగిసిపోయింది. ఆజ్ఞ లేకుండా చేసిన యుద్ధానికి ప్రభుత్వం బహుమానం ఎలా ఇస్తుంది? దైనగాన్ కింతో ఈ మాటే అన్నాడు. కవిత్వంలో, సంగీతంలో ఆ కాలానికి పెద్ద దిక్కు ఆయన. చూనగాన్ యుకినారి కూడా అదే అన్నాడు. చక్కటి దస్తూరికి ఆ కాలంలో అతణ్ణి మించినవాడు లేడు. ఇద్దరూ చదువుకున్నవారు, ఇద్దరూ చెప్పింది నిబంధన ప్రకారం సరైన మాటే.

అప్పుడు మరో దైనగాన్ మాట్లాడాడు. పేరు ఫుజివారా నో సానెసుకె. ఆజ్ఞ చేరిందా లేదా అన్నది పట్టించుకోనక్కర్లేదు అన్నాడు. 894లో శిల్లా దేశపు దొంగలు త్సుషిమా మీద పడ్డప్పుడు, ముందస్తు ఆజ్ఞ లేకపోయినా పోరాడిన వారికి బహుమానం దక్కిందని పాత ఉదాహరణ ఎత్తి చూపాడు. అంతటితో ఆగలేదు. దీవుల్లో జనం చచ్చారు, వెయ్యి మందికి పైగా బందీలయ్యారు, ఒక పాలకుడే ప్రాణం పోగొట్టుకున్నాడు, అలాంటప్పుడు దొంగలను తరిమిన వారిని గుర్తించకపోతే రేపు ఇంకోసారి ఎవరు ముందుకొస్తారు అని అడిగాడు. ఆ మాటతో సభ తిరిగింది. మిగతావారు ఒప్పుకున్నారు. కింతో, యుకినారి కూడా తమ అభిప్రాయం మార్చుకున్నారు. యోధుల్లో ఒకడైన ఓకురా నో తానెకికి ఇకి దీవి పాలకత్వం దక్కింది.

ఈ ఘట్టంలో నాకు నచ్చింది సానెసుకె గెలవడం ఒక్కటే కాదు. కింతో, యుకినారి మాట మార్చుకున్నారే, అది. పేరుతో సహా నమోదయ్యే సభలో, అందరి ముందూ అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి పెద్ద మనసు కావాలి. సానెసుకె కూడా భావోద్వేగం మీద ఆధారపడలేదు. ఆ సభకు అర్థమయ్యే భాష పాత ఉదాహరణ. ఆ భాషలోనే మాట్లాడి, దాని వెనకాల న్యాయాన్ని నిలబెట్టాడు.

అన్ని సభలూ ఇంత గొప్ప సంగతుల మీద జరిగేవి కావు. ఫలానా ప్రాంతంలో పంటలు పోయాయి, పన్ను తగ్గించమని పాలకుడు అడుగుతున్నాడు, ఇవ్వాలా? హకాతా రేవుకు చైనా వర్తకుడు వచ్చాడు, ఉండనివ్వాలా, వెనక్కి పంపాలా? ఇలాంటివే ఎక్కువ. చిన్న సంగతులకూ అదే వరస, అదే కాగితం.

ఇప్పుడు ఈ సభకున్న పరిమితి చెప్పాలి. సభ తీర్పు ఇవ్వదు, అభిప్రాయం ఇస్తుంది. తీర్పు చక్రవర్తిది. ఆ చక్రవర్తి వెనక ఎవరున్నారన్నది ఇంకో కథ. చక్రవర్తి పసివాడైతే ఆయన బదులు పాలించేవాడు సెస్షో, పెద్దవాడైతే ఆయన పక్కన ఉండి పాలన నడిపేవాడు కంపాకు. శాసనంలో ఈ రెండు పదవులూ లేవు. 866లో ఫుజివారా నో యోషిఫుసా సెస్షో అయ్యాడు. ఆయన వారసుడు మొతోత్సునె 887లో కంపాకు అయ్యాడు. అప్పటినుంచి ఈ పదవులు ఆ వంశానికి ఆస్తిలా మారాయి. కిటుకు తెలిసిందే. కూతుర్ని చక్రవర్తికి ఇవ్వడం, మనవణ్ణి సింహాసనం ఎక్కించడం. ఫుజివారా వంశం కాని వాడు ఈ మెట్లెక్కితే ఏమయ్యేదో సుగవారా నో మిచిజానె బతుకు చెబుతుంది. కేవలం పాండిత్యం వల్ల 899లో కుడి మంత్రి అయ్యాడు. 901లో అభాండం వేసి దజైఫుకు వెళ్లగొట్టారు. 903లో అక్కడే కన్నుమూశాడు. తర్వాత ఆయన్నే చదువుల దేవుడిగా కొలవడం మొదలుపెట్టారు.

ఫుజివారాల్లో శిఖరం మిచినాగ. ఆయన గురించి ఒక ముఖ్యమైన సంగతి చాలామంది గమనించరు. ఆయన ఎన్నడూ కంపాకు కాలేదు. 995లో వచ్చిన అంటురోగం పెద్ద పెద్ద వారిని మింగేసింది. కంపాకుగా ఉన్న ఇద్దరు అన్నలూ ఆ ఏడే ఒకరి వెనక ఒకరు పోయారు. దారి ఖాళీ అయింది. ఆయన కోరుకుంటే పదవి దక్కేది. కానీ పత్రాలన్నీ చక్రవర్తికి చేరేముందు తాను చూసే అధికారం మాత్రం తీసుకుని, 996 నుంచి ఇరవై ఏళ్లు ఎడమ మంత్రిగానే ఉండిపోయాడు. ఎందుకంటే కంపాకు సభలో కూర్చోడు. సభకు పెద్ద ఎడమ మంత్రి. మిచినాగ రెండు చోట్లా ఉండదలచుకున్నాడు, సలహా పుట్టే చోటా, అది చేరే చోటా. ఈ సభకు నిజంగా విలువ ఉండేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విలువ లేని కుర్చీని అంతటి మనిషి ఇరవై ఏళ్లు పట్టుకుని కూర్చోడు.

అయితే ఆ కుర్చీలో అంతటి మనిషి కూర్చుంటే, కింది నుంచి పైకి మాట్లాడే వరస ఎంత కాపాడుతుంది? 1012లో జరిగింది వినండి. సంజో చక్రవర్తికి ఎన్నో ఏళ్లుగా భార్య సెయిషి. పిల్లల తల్లి. తండ్రి లేడు, వెనక బలం లేదు. అదే ఏడు మొదట్లో మిచినాగ తన కూతురు కెంషిని మహారాణి చేయించుకున్నాడు. చక్రవర్తి సెయిషికి కూడా ఆ స్థానం ఇవ్వాలనుకుని ముహూర్తం పెట్టాడు. సరిగ్గా అదే రోజున మిచినాగ తన కూతురు అంతఃపురానికి వచ్చే వేడుక పెట్టుకున్నాడు. కుగ్యోలంతా అటు వెళ్లారు. రమ్మని రాజభవనం నుంచి పంపిన మనిషిని ఎగతాళి చేసి పంపారు. కుడి మంత్రి రాలేదు, ఆయన తర్వాతివాడైన లోపలి మంత్రీ రాలేదు. వేడుక నడపడానికి మంత్రి హోదా ఉన్నవాడు ఒక్కడూ లేడు.

ఒంట్లో బాగాలేకపోయినా సానెసుకె లేచి వెళ్లాడు. దైనగాన్ హోదాలోనే వేడుక నడిపించాడు. మొత్తం వచ్చిన కుగ్యోలు నలుగురు. సానెసుకె, ఆయన అన్న, సెయిషి తోబుట్టువు, నాలుగోవాడు మనం ఇందాక చెప్పుకున్న తకాయియే. ఏడేళ్ల తర్వాత ఆ దజైఫు జాబితా మీద సానెసుకె మాట్లాడినప్పుడు, ఈ రోజు గుర్తుకొచ్చిందో లేదో మనం చెప్పలేం. గుర్తుకొచ్చినా తప్పులేదంటాను. ఆయన వాదన దానంతట అది నిలబడే వాదన.

సానెసుకెను మెచ్చుకోవడం తేలిక. యుకినారిని అర్థం చేసుకోవడం కష్టం, అందుకే ఆయన దగ్గర కాసేపు ఆగుతాను. 1011లో ఇచిజో చక్రవర్తికి జబ్బు ముదిరింది. గద్దె దిగాలి, తర్వాతి యువరాజెవరో చెప్పాలి. పెద్ద కొడుకు అత్సుయాసు. కన్నుమూసిన ప్రియ భార్య తేయిషి బిడ్డ. రెండోవాడు అత్సుహిరా, మిచినాగ మనవడు, నాలుగేళ్ల పసివాడు. చక్రవర్తి మనసు పెద్దవాడి మీదే. ఆయన యుకినారిని పిలిచి, ఒంటరిగా అడిగాడు. యుకినారి అత్సుయాసు ఇంటి వ్యవహారాలు చూసే బాధ్యుడు కూడా. పిల్లవాడికి మేలు కోరేవాడు.

యుకినారి చిన్నవాణ్ణే చేయమన్నాడు. పూర్వం ఒక చక్రవర్తి పెద్ద కొడుకును ఎంతగా ప్రేమించినా, వెనక బలమున్న చిన్న కొడుకే సింహాసనం ఎక్కాడని, ఆ చిన్నవాడికి తాత యోషిఫుసా అండ ఉందని గుర్తు చేశాడు. ఇప్పుడు మిచినాగ కాదంటే పెద్దవాడికి నిలబడే చోటు లేదని, అతనికి ఆదాయం, హోదా ఇచ్చి బతుకు భద్రంగా ఉండేలా చూడమని చెప్పాడు. ఇదంతా తన దినచర్యలో తానే రాసుకున్నాడు. ఇది మిచినాగకు తలవంచడమా, పిల్లవాడి ప్రాణం కాపాడటమా? నేను రెండోదాని వైపే మొగ్గుతాను. చక్రవర్తికి ఇష్టం లేని మాటను, ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పడం కూడా సలహాదారు పనే. అయితే అందరూ ఊరుకోలేదు. అత్సుయాసును పెంచిన మహారాణి షోషి, తన కన్నకొడుకుకే పదవి దక్కుతున్నా, పెద్దవాడికి అన్యాయం జరిగిందని, తనకు మాట మాత్రం చెప్పలేదని సొంత తండ్రి మిచినాగ మీద కోపగించుకుంది. ఆ సంగతి రాసిపెట్టింది కూడా యుకినారే. తనకు ఇబ్బంది కలిగించే నిజాన్ని దాచలేదు. అత్సుయాసు 1018లో, ఇరవై ఏళ్లకే పోయాడు.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. అదనపు దైనగాన్‌లు, అదనపు చూనగాన్‌లు పెరిగిపోయారు. 1086 నుంచి గద్దె దిగిన చక్రవర్తులు తమ భవనాల నుంచే పాలన నడపసాగారు. పెద్ద ఆలోచనలు అక్కడికి తరలిపోయాయి. 1167లో తైరా నో కియోమోరి అనే యోధుడు మహామంత్రి అయ్యాడు. మూడు నెలలకే ఆ పదవి వదిలేశాడు, అధికారం వదల్లేదు. పేర్లు మాత్రం మిగిలాయి. 1869లో మెయిజీ ప్రభుత్వం ఈ పాత పదవులను మళ్లీ బయటికి తీసింది. సైగో తకామోరి, ఓకుబో తోషిమిచి వంటి కొత్త తరం నాయకులు సంగిలు అనిపించుకున్నారు. 1885లో మంత్రివర్గ పద్ధతి వచ్చి దైజోకన్ రద్దయింది. మంత్రిని ఇప్పటికీ దైజిన్ అనే అంటున్నారు.

ఇవన్నీ మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ పెద్దల దినచర్యలే. అవి సొంత ముచ్చట కోసం రాసుకున్నవి కావు. రేపు తన కొడుకో మనవడో అదే చాప మీద కూర్చుంటాడు, పాత ఉదాహరణ కావాలి, అప్పుడు ఇది పనికొస్తుంది అని రాసినవి. మిచినాగ తన పంచాంగం వరసల మధ్య ఉన్న ఖాళీలో రాసుకునేవాడు. ఆయన సొంత దస్తూరిలో ఉన్న ఆ చుట్టలు క్యోటోలో భద్రంగా ఉన్నాయి. యునెస్కో 2013లో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. సానెసుకె దినచర్య షోయూకి నకళ్లలోనే మిగిలింది. కానీ నిడివిలో, వివరంలో, నిక్కచ్చితనంలో అది మిచినాగ రాతకు ఎన్నో రెట్లు మిన్న. సానెసుకె 1021లో కుడి మంత్రి అయ్యాడు. తొంభై ఏళ్లు బతికి, 1046లో పోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

మిచినాగ వైభవానికి గుర్తుగా అందరూ చెప్పేది 1018 నాటి విందు. మూడో కూతురు కూడా మహారాణి అయిన రాత్రి. ముగ్గురు కూతుళ్లు ఒకేసారి రాణి హోదాలో ఉండటం అంతకు ముందు లేదు. ఆ సంతోషంలో నిండు చందమామను తన బతుకుతో పోల్చి మిచినాగ ఒక పద్యం చెప్పాడు. నువ్వు జవాబు పద్యం చెప్పాలని ముందే సానెసుకెను అడిగాడు కూడా. ఆ ఆస్థానంలో అలా అడిగితే చెప్పి తీరాలి. సానెసుకె మర్యాద తప్పకుండా, ఇంత చక్కటి పద్యానికి జవాబు చెప్పడం నా వల్ల కాదు, అందరం కలిసి దీన్నే పాడదాం అన్నాడు. అందరూ పాడారు. మిచినాగ తన దినచర్యలో ఒక పద్యం చెప్పానని మాత్రం రాసుకున్నాడు, పద్యం రాసుకోలేదు. జపాన్‌లో బడిపిల్లలకు కూడా తెలిసిన ఆ పద్యం మనదాకా వచ్చింది సానెసుకె రాసిపెట్టుకున్నందువల్ల. జవాబు మాత్రం ఆయన చెప్పలేదు.